చెల్లెలి జీపుకి వేసిన టైర్లు

ఆయన్ని ఊళ్లో అందరూ పదిలోఎన్ని అనేవాళ్లు. కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటుంది గానీ, అది షాపు కాగితాల మీద తప్ప ఎక్కడా పనికొచ్చేది కాదు. టైర్లు కొనడానికి ఎవరొచ్చినా సరే, సైజు అడక్కముందే, కూర్చోమని బల్ల చూపించకముందే ఆయన అడిగే ప్రశ్న ఒకటే. "మీ బండి పది రోజులు తిరిగితే, అందులో ఎన్ని రోజులు మట్టిలో తిరుగుతుంది?" ముప్పై ఏళ్లుగా అదే ప్రశ్న. దానికి జవాబు చెప్పనివాడికి అక్కడ టైరు దొరికేది కాదు.

ప్రశ్నలో అర్థం లేకపోలేదు. ఊరి చివర తారురోడ్డు అయిపోయి కొండదారి మొదలవుతుంది. సగం బండ్లు పొద్దున తారు మీద, మధ్యాహ్నం రాళ్ల మీద, సాయంత్రం బురదలో తిరిగేవే. షాపంటే ఒక పొడుగాటి రేకుల షెడ్డు. ఎడమ గోడకి తారురోడ్డు టైర్లు, కుడి గోడకి బురద టైర్లు, మధ్యలో కొయ్య స్టాండు మీద రెండిటికీ పనికొచ్చేవి. కంపెనీవాళ్లు వాటిని ఆల్ టెర్రైన్ అంటారు. ఈయన రెండు దారుల టైర్లు అనేవాడు. చూడ్డానికి అవి ఏమంత గొప్పగా ఉండవు. అయినా ఆయనకి వాటి మీద ఎక్కడలేని ప్రేమ.

ఒకసారి బట్టల కొట్టు యజమాని కొత్తగా కొన్న ఎత్తు కారు వేసుకొచ్చి, కుడి గోడకున్న లావుపాటి దిమ్మల టైర్లు కావాలన్నాడు.

"మీ కారు మట్టి మొహం చూసి ఎన్నాళ్లయిందండీ?" అన్నాడు పదిలోఎన్ని.

"మొన్న మా ఇంటి ముందు నీళ్ల పైపు కోసం తవ్వారుగా. అప్పుడు చూసింది."

"అయితే మళ్లీ తవ్వినప్పుడు రండి, అప్పుడు వేద్దాం."

"డబ్బిచ్చేది నేను కదయ్యా. చూసినవాడు అదిరిపోవాలి."

"చూసినవాడి సంగతి సరే, ఎక్కినవాడి సంగతేమిటి? ఇదిగో, ఈ దిమ్మల మధ్య సందులు చూడండి. బురదని బయటికి విసరడానికే అంత ఎడం పెట్టారు. అదే తడిసిన తారు మీదకొస్తే? రోడ్డుని పట్టుకునేది దిమ్మ గానీ సందు కాదు కదా. బ్రేకు తొక్కుతారు, బండి వినదు. రెండు దారుల దాని మీద చూడండి, దిమ్మ నిండా సన్నగా కోసిన గీతలు. తడి మీద కరిచి పట్టుకునేవి అవే. మీకు ఇదీ అక్కర్లేదనుకోండి. ఆ ఎడమ గోడకున్నవి చాలు."

పైన పటారం, లోన లొటారం సరుకంటే ఆయనకి ఒళ్లుమంట. బట్టల కొట్టాయన గొణుక్కుంటూనే ఎడమ గోడవి వేయించుకుపోయాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, ఈయన విషయంలో వినేవాళ్లు నష్టపోయిన దాఖలా లేదు. ఎవరైనా అబద్ధం చెబితే పాత టైరు మీద అరచెయ్యి వేసి ఒక్కసారి నిమిరేవాడు. అంచులు చిట్లి ఉంటే రాళ్లదారి, నడిమధ్య నున్నగా అరిగితే తారురోడ్డు. అప్పుడిక వాదనకి తావుండేది కాదు.

ఆయనలో ఉన్న చెడ్డ గుణం ఒక్కటే, ఇట్టే నొచ్చుకోవడం. తన దగ్గర కొనేవాడు ఇంకో షాపు మెట్లెక్కితే ఆ పూట అన్నం సహించేది కాదు. భార్య బతిమాలాలి, చెల్లెలు వచ్చి కోప్పడాలి. అప్పటికి గానీ కంచం ముందు కూర్చునేవాడు కాదు. మంచివాడే. మంచివాళ్ల అలక మహా ఇబ్బందైనదని వాళ్లింట్లో అందరికీ తెలుసు.

ఆ చెల్లెలు పశువుల డాక్టరు. ఆయనకంటే పదకొండేళ్లు చిన్నది. పాత జీపొకటి కొనుక్కుని, వెనక మందుల పెట్టెలు సర్దుకుని, కొండమీద పల్లెలకి తనే నడుపుకుంటూ వెళ్లేది. పది రోజుల్లో ఎనిమిది రోజులు తారు మీద, రెండే రెండు రోజులు మట్టిలో. ఈ లెక్క ఆయనకి తెలియదా? ఆయన వేసిన టైర్ల మీదే కదా ఆమె పదేళ్లు తిరిగింది. ప్రతిసారీ మధ్య స్టాండు మీదవే.

ఒక వానాకాలం కొండవాగు దాటబోయి జీపు ఇసుకబురదలో దిగబడింది. పొద్దున ఇరుక్కుంటే మధ్యాహ్నానికి కబురొచ్చింది. ఆయన ట్రాక్టరు మాట్లాడుకుని వెళ్లేసరికి నీళ్లు జీపు సీటు దాకా వచ్చాయి. చెల్లెలు మందుల పెట్టె నెత్తిన పెట్టుకుని, బానెట్టు మీద కూర్చుని ఉంది. అన్నని చూసి నవ్వింది కూడా. ఆయనకి మాత్రం నవ్వు రాలేదు. ఆ తర్వాత చాలా రోజులు కళ్లు మూసుకుంటే చాలు, సీటు దాకా వచ్చిన ఆ నీళ్లే కనిపించేవి.

ఆ వారమే జీపుని షాపుకి తెప్పించాడు. మధ్య స్టాండు వైపు చూడలేదు. తిన్నగా కుడి గోడ దగ్గరికెళ్లి, అన్నిటికంటే లావు దిమ్మలున్న బురద టైర్లు నాలుగు దించాడు. ముప్పై ఏళ్లలో మొదటిసారి ఆ ప్రశ్న అడగకుండా టైర్లు వేశాడు. ఊరందరికీ లెక్క చూసి వేసినవాడు, సొంత చెల్లెలికి భయం చూసి వేశాడు.

పది రోజులకి చెల్లెలు వచ్చింది. "అన్నయ్యా, ఇవి రోడ్డు మీద ఒకటే మోతగా ఉన్నాయి. మాట వినబడట్లేదు."

"కొత్తవి కదా, అరగనీ. మోత తగ్గుతుంది."

నెలకి మళ్లీ వచ్చింది. "నిన్న జల్లు పడింది. బ్రేకు వేస్తే ఆగాల్సిన చోట ఆగలేదు. కాస్త జారినట్టయింది."

"నువ్వు వేగంగా పోయుంటావు."

మూడోసారి వచ్చినప్పుడు వానలు ముదురుతున్నాయి. వెనకటివే వెయ్యమని తిన్నగానే అడిగింది. ఆయన ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "నా పని నాకు నేర్పుతావా? వాగులో పడి కొట్టుకుపోకుండా వేసినవి అవి. ఈ వానలు వెళ్లనీ, తర్వాత చూద్దాం," అన్నాడు. ఆమె టీ తాగి, కాసేపు వదినతో మాట్లాడి వెళ్లిపోయింది. ఆలస్యం అమృతం విషం అని ఊరికే అనలేదు పెద్దలు.

పదహారు రోజుల తర్వాత, మధ్యాహ్నం సన్నటి తుంపరలో, కొండా కాదు, వాగూ కాదు, ఇంటికి నాలుగు కిలోమీటర్ల దూరంలో, నున్నటి తారురోడ్డు మీద, ఆగి ఉన్న లారీని జీపు గుద్దుకుంది. ఆస్పత్రికి తీసుకెళ్లే వ్యవధి కూడా లేకపోయింది.

జనం ఎవరికి తోచింది వాళ్లు అన్నారు. వేగం అన్నారు, బ్రేకులు పోయాయన్నారు, రాత అన్నారు. ఆయన మాత్రం మెకానిక్కుని అడిగాడు. బ్రేకులు బాగానే ఉన్నాయన్నాడు మెకానిక్కు. లారీ డ్రైవరుని వెతుక్కుంటూ వెళ్లి అతన్నీ అడిగాడు. "అద్దంలో చూస్తూనే ఉన్నానండీ. మెల్లగానే వస్తోందావిడ. చాలా దూరం నుంచే బ్రేకు వేసింది. చక్రాలు తిరగడం ఆగిపోయింది, బండి మాత్రం అలా జారుకుంటూ వచ్చేసింది," అన్నాడు అతను. ఇక తెలుసుకోవాల్సింది ఏమీ మిగల్లేదు.

బావగారు, అంటే చెల్లెలి భర్త, చేతులు పట్టుకుని ఏడ్చి, "ఆ వాగులో మళ్లీ ఒక్కసారి కూడా దిగబడలేదు బావా. మంచి టైర్లు వేశావు. నువ్వు చెయ్యాల్సింది నువ్వు చేశావు," అన్నాడు. పదిలోఎన్ని నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. ఆ రోజు చెప్పలేనిది మర్నాడు ఇంకా కష్టమైంది. నెల తిరిగేసరికి అసాధ్యమైంది. తనని అంతగా నమ్మిన పిల్లని తన చేతులతోనే చంపుకున్నానని లోపల్లోపల కుమిలిపోయేవాడు. ఆ ఏడుపులో పక్కన ఒక్క మనిషైనా లేకుండా పోయాడు.

అప్పట్నించి ఆ ప్రశ్న అడగడం మానేశాడు. ఏది కావాలంటే అది వేసేవాడు. బట్టల కొట్టాయన మళ్లీ వచ్చి కుడి గోడవి కావాలంటే మాట్లాడకుండా దించబోయాడు. బట్టల కొట్టాయనే బెదిరిపోయి, "వద్దులే, మునుపు చెప్పినవే వెయ్యి," అన్నాడట. కుర్రకారు ఆయన్ని ఇంకా పదిలోఎన్ని అనే పిలిచేవాళ్లు. ఎందుకంటారో తెలియనివాళ్లు కూడా తయారయ్యారు.

రెండేళ్లు గడిచాయి. చెల్లెలి కూతురికి కొండవాగుల్లో నీటిమట్టం కొలిచే ఉద్యోగం వచ్చింది. తల్లి జీపుని బాగు చేయించుకుంది. ఒకరోజు ఉదయం దాన్ని మెల్లగా నడుపుకుంటూ షాపు ముందు ఆపింది. ఎండకి ఎండి, వానకి తడిసి ఆ నాలుగు టైర్లూ పక్కలు పగిలి ఉన్నాయి. ఆయన వాటిని చూడలేక రిమ్ముల వైపు చూస్తూ నిలబడ్డాడు.

"అమ్మకి వేసినవే వెయ్యి మావయ్యా," అంది ఆ అమ్మాయి. "నాన్న కూడా అవే వేయించుకోమన్నారు."

ఆయన లోపలికెళ్లాడు. కుడి గోడ దగ్గర నిలబడ్డాడు. వెయ్యనంటే ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెబితే చెల్లెలి గుర్తుగా మిగిలిన ఈ ఒక్క పిల్లా మళ్లీ మావయ్యా అని పిలవదు. చెప్పకుండా వేరేవి బిగించేద్దామా అనుకున్నాడు. ఏం, తేడా తెలియనంత చిన్నపిల్లా? బయటికొచ్చి, జీపు బంపరు పట్టుకున్నాడు.

"నీ బండి పది రోజుల్లో ఎన్ని రోజులు మట్టిలో తిరుగుతుంది తల్లీ?"

"మూడు. మహా అయితే నాలుగు."

"అయితే ఇవి వద్దు. ఇవి మీ అమ్మకి కూడా వెయ్యకూడనివి. తడి రోడ్డు మీద ఆగవు. మీ అమ్మ ముమ్మారు వచ్చి చెప్పింది. నేను వినలేదు. నేను వేసిన టైర్ల వల్లే పోయింది అది. మీ నాన్న నన్ను మెచ్చుకుంటుంటే నోరు మూసుకుని ఊరుకున్నాను."

మేనకోడలు బల్ల దగ్గరికెళ్లి కూర్చుంది. కళ్లు తుడుచుకుంది.

"తెలుసు మావయ్యా."

"ఏం తెలుసు?"

"టైర్ల సంగతి. నీకు మూడోసారి చెప్పొచ్చిన మర్నాడు అమ్మ బస్టాండు దగ్గరున్న షాపుకెళ్లింది. నేనూ ఉన్నా బండిలో. రెండు దారులవి ఉన్నాయి, గంటలో వేసిస్తానన్నాడు అతను. జాకీ కూడా పెట్టేశాడు. అప్పుడు అమ్మ వద్దులే, దించెయ్యమంది."

"ఎందుకూ?"

"'మీ మావయ్యకి తెలిస్తే తట్టుకోలేడే, నాలుగు రోజులు అన్నం ముట్టడు. ఎంత, రెండు నెలల వానలు. మెల్లగా నడుపుకుంటాలే' అంది."

ఆయన నేల మీదే చతికిలబడ్డాడు. చెల్లెలు తనని నమ్మి పోయిందని రెండేళ్లుగా ఏడ్చాడు. ఆమె నమ్మలేదు. ఆగని టైర్లని తెలిసే, అన్న అలగకూడదని వాటి మీదే తిరిగింది. నమ్మి పోయినా బాగుండేదనిపించింది ఆయనకి.

"మరి తెలిసీ అవే వెయ్యమన్నావేమే?" అన్నాడు.

"నువ్వేమంటావో చూద్దామని." అంది ఆ అమ్మాయి. "నువ్వు సరేనంటే ఇక్కణ్ణించి తిన్నగా బస్టాండు షాపుకే పోదామనుకున్నా. నీకు కోపమొచ్చినా సరే, నువ్వు అన్నం మానేసినా సరే. అమ్మలా నేను చెయ్యను మావయ్యా."

"చెయ్యకు తల్లీ," అన్నాడు ఆయన. "ఎవరి కోసమూ చెయ్యకు."

కాసేపటికి లేచి, మధ్య స్టాండు మీంచి నాలుగు టైర్లు దించాడు. జీపుకి జాకీ పెట్టి పాతవి ఊడదీశాడు. కొత్తవి ఎక్కించి గాలి పట్టాడు. కళ్లు కారుతూనే ఉన్నాయి. భుజంతో తుడుచుకుంటూ ఒక్కో చక్రమూ బిగించాడు. ఆయన బిగించిన ప్రతి నట్టునీ ఆ అమ్మాయి వెనకే వచ్చి, పానా పెట్టి, తను కూడా ఒకసారి తిప్పి చూసుకుంది. ఆయన నొచ్చుకోలేదు.