తీగ పీకి నవ్వే మా మేడమ్

పోయిన నెల అరకు సంతలో పచ్చి అల్లం ఏరుకుంటుంటే ఫోను మోగింది. మేడమ్ కూతురు. ఆ అమ్మాయి ఎప్పుడు చేసినా వాళ్లమ్మలాగే "ఏటక్కా, ఏటి సంగతి?" అని గట్టిగా మొదలుపెడుతుంది. ఆ రోజు ఆ ఊపు లేదు. "అమ్మ పొద్దున్న ఎల్లిపోనాదక్కా. కాఫీ తాగి, పేపరు సదూకుంటూ, కుర్చీలోనే" అంది.

నేను అల్లం బుట్ట పక్కనే కూలబడ్డాను. అల్లం అమ్ముతున్న ఆమె భయపడి సీసాతో నీళ్లిచ్చింది. మా ఆస్పత్రి కంప్యూటర్ మేడమ్ పోయారని చెప్పాను.

"బిగ్గరగా నవ్వేది, ఆవిడేనా?" అంది.

ఆవిడే. ఆస్పత్రికి ఏ జ్వరానికో ఒకసారి వచ్చి వెళ్లినవాళ్లు కూడా ఆ నవ్వును మరిచిపోలేదు.

తొంభైల చివరలో ఆవిడ మా లోయకు వచ్చారు. నేనప్పుడు అక్కడి చిన్న ధర్మాస్పత్రిలో ల్యాబ్ టెక్నీషియన్ని. మాది పక్క కొండ మీది ఊరు. ఘాట్ రోడ్డు మలుపులకి కడుపులో తిప్పి, మొహం పాలిపోయి బస్సు దిగిన ఆ పల్లపు మనిషి, దుప్పట్లో చుట్టిన ఒక పెద్ద పెట్టెను పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని వచ్చారు. అది మా ఆస్పత్రి మొదటి సర్వర్. అంటే చీటీలు రాసే గదిలోనూ, ల్యాబులోనూ, మందుల గదిలోనూ ఉన్న కంప్యూటర్లన్నీ ఏది కావాలన్నా దాన్నే అడగాలి. రోగి ఎవరు, ఏ ఊరు, ఏ గ్రూపు రక్తం, ఏ మందు ఇచ్చాం, అన్నీ దాని కడుపులోనే ఉంటాయి.

వచ్చిన మొదటి వానాకాలంలోనే అది ఆగిపోయింది. చీటీల దగ్గర వరస కదలలేదు. తెల్లారక ముందే కొండ దిగి వచ్చినవాళ్లు మధ్యాహ్నం దాకా చూసి, ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. మేడమ్ సర్వర్ని అలాగే వదిలేసి రోడ్డు మీదికి పరుగెత్తారు. జీపుల దగ్గర నిలబడ్డవాళ్లని చేతులు పట్టుకుని వెనక్కి తీసుకొచ్చి, తెల్లకాగితాల మీద తనే చీటీలు రాశారు. ఒక ముసలాయన మాత్రం అప్పటికే నడిచి వెళ్లిపోయాడని తెలిసింది. ఆయన పేరేమిటో, ఏ ఊరో, ఏం జబ్బుతో వచ్చాడో మాకు తెలియదు. ఆవిడ చాలా రోజులు ఆయన గురించి అడుగుతూనే ఉన్నారు.

మర్నాడు డాక్టరుగారి గదికి వెళ్లి రెండో సర్వర్ కావాలన్నారు. మా ఆస్పత్రి పెద్ద ఆయనే. మంచివారు, కాస్త గాభరా మనిషి.

"ఒకటి పని చేస్తుంటే రెండోది ఊరికే కూర్చోడానికా?" అన్నారు ఆయన.

"కూర్చోడానికి కాదండి, కాపలాకి" అన్నారు మేడమ్. ఆవిడ తండ్రి కరెంటు తయారుచేసే ఒక పవర్‌హౌస్‌లో పనిచేసేవారట. ఒక యంత్రాన్ని మరమ్మతుకి ఆపితే పక్కది తిరుగుతుండటం చిన్నప్పుడే చూశానని, ఊళ్లో దీపాలకి ఆ సంగతే తెలిసేది కాదని చెప్పారు. డాక్టరుగారు ఒప్పుకున్నారు.

రెండో సర్వర్ వచ్చాక రెండింటినీ పక్కపక్కన పెట్టి మధ్యలో ఒక సన్నటి తీగ కలిపారు. ఆ తీగలో రెండోది మొదటిదాన్ని క్షణక్షణం "ఉన్నావా?" అని అడుగుతుంది, అది "ఉన్నాను" అంటుంది. జవాబు రాకపోతే రెండోది లేచి పని అందుకుంటుంది. మొదటిదాంట్లో రాసిన ప్రతి ముక్కా అప్పటికప్పుడు రెండోదాంట్లో కూడా పడుతుంది కాబట్టి ఏదీ పోదు. ఇదంతా ఆవిడ నాకు ఎందుకు చెప్పారంటే, ల్యాబులో ఖాళీ దొరికినప్పుడల్లా నేను ఆ గది గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. ఓ రోజు, "ఏటే గుంటా, అలా నిలబడి ఏటి సేత్తన్నావు? లోపలికి రా, స్క్రూడ్రైవర్ పట్టుకో" అన్నారు. నాకప్పటికి పెళ్లయి ఒక బిడ్డ కూడా ఉంది. అయినా చివరిదాకా ఆవిడకి నేను గుంటనే, చిన్నపిల్లనే.

ఇక ఆవిడ పరీక్షలు! ఆస్పత్రి జనంతో కిక్కిరిసి ఉన్న సమయం చూసి, ఎవరికీ చెప్పకుండా వెళ్లి మొదటి సర్వర్ కరెంటు తీగ పీకేసేవారు. మొదటిసారి నేను కెవ్వుమని అరిచాను. చీటీల గదిలో తెర బిగుసుకుపోయింది. అక్కడి గుమాస్తా కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన మళ్లీ పెట్టుకునేలోపు తెర కదిలింది. కళ్లజోడుకే ఏదో అయిందనుకున్నాడు. మేడమ్ గోడకి ఆనుకుని నవ్వారు, నవ్వారు, నవ్వారు.

"పడిపోడం తప్పు కాదే. పడినట్టు వరసలో ఉన్నోళ్లకి తెలీకూడదు, అంతే" అన్నారు. ఆ మాట నేను ఎన్నిసార్లు విన్నానో.

ఆవిడ నవ్వని రోజు ఒకటుంది. దాన్ని దాచిపెడితే ఆవిడే నన్ను తిడతారు.

సికిల్ సెల్ అనే రక్తపు జబ్బుతో ఒక గుంట వార్డులో ఉంది. ఎనిమిదేళ్లుంటాయేమో. రక్తం ఎక్కించాలి. నేను ఎక్కించబోయే రక్తం సరిపోతుందో లేదో చూడబోతూ తెర మీద గ్రూపు చదివాను. బి పాజిటివ్ అని ఉంది. ఆ పిల్లకి అంతకుముందు పరీక్ష చేసింది నేనే. ఓ పాజిటివ్ అని నాకు గుర్తు. పాత కాగితం తీయించి చూస్తే ఓ పాజిటివే. వెంటనే అన్నీ ఆపించి మేడమ్ దగ్గరికి పరుగెత్తాను.

ఆ రెండు సర్వర్ల మధ్య తీగని ఎలుక కొరికేసింది. రెండూ బతికే ఉన్నాయి. కానీ ఒకదాని మాట ఇంకోదానికి వినబడక, అవతలిది చచ్చిపోయిందనుకుని రెండూ పెత్తనం అందుకున్నాయి. చీటీల గది ఒకదాని మాట వింటోంది, ల్యాబు ఇంకోదాని మాట వింటోంది. పొద్దుటినుంచి ఒకే నంబరు ఇద్దరిద్దరు రోగులకి వెళ్లింది. ఆ పిల్ల నంబరు మీద తెర చూపించింది ఇంకొకరి గ్రూపు.

మేడమ్ మొహంలో నెత్తురు లేదు. రెండో సర్వర్ ఆపేసి, ఆ రోజు చీటీలన్నీ ఒక్కొక్కటే మాతో సరిచూయించారు. ఎవరికీ ఏ హానీ జరగలేదని తేలాక, నేరుగా డాక్టరుగారి దగ్గరికి వెళ్లి, "తప్పు నాదండి" అన్నారు. ఎలుక మీద కూడా తోసెయ్యలేదు. తర్వాత వార్డుకి వెళ్లి ఆ పిల్ల తల్లి పక్కన నేల మీద కూర్చుని, జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పారు. చెప్పాల్సిన అవసరం లేదని అందరం అన్నాం. వినలేదు.

ఆ తల్లి ఓపికగా విన్నది. "రెండు మిషన్లూ నానే పెద్దనంటే నానే పెద్దనన్నాయేటి?" అని అడిగింది.

"అంతేనమ్మా."

"మా ఊళ్లో కూడా అలాగే అయినాది మేడమ్. పాత పెద్ద దిగనేదు, కొత్త పెద్ద వచ్చీసినాడు. ఒక్క పండగనే రెండుసార్లు సేసినాం. అందుకే ఇప్పుడు పాతోడి సేతిలో కర్ర తీసుకున్నాకే కొత్తోణ్ని కూకోబెడతాం."

మేడమ్ ఆమె చేయి పట్టుకుని నవ్వారు. పొద్దుటినుంచి అదే మొదటి నవ్వు.

బయటికొచ్చాక నాతో, "సర్వర్ల పుస్తకంలో పేజీలకి పేజీలు రాసినారే ఇదే ముక్క. నేను తరవాత సేద్దాంలే అని పక్కన పెట్టీసినాను. ఆవిడ ఒక్క మాటలో సెప్పీసింది" అన్నారు. ఆ వారమే మధ్యలో రెండు తీగలు వేశారు, వేరువేరు దారుల్లో, ఇనప గొట్టంలో. రెండోది లేచే ముందు మొదటిదాని కరెంటుని తనే కోసేసేలా ఒక స్విచ్చి కూడా బిగించారు. ఆ పిల్ల ఆరోజే సరైన రక్తం ఎక్కించుకుని, వారం తిరక్కుండా వరండాలో తొక్కుడుబిళ్ల ఆడింది.

ఆ తర్వాత ఏడాదో రెండేళ్లకో, ఘాట్ రోడ్డు మీద కొండచరియలు విరిగిపడిన ఒక వానాకాలం మధ్యాహ్నం, కాన్పు కష్టమై ఒకామెని మంచం మీద మోసుకొచ్చారు. రక్తం ధారగా పోతోంది. కింద విశాఖ నుంచి రక్తం వచ్చే దారి లేదు. మాకున్న ఆధారం ఒకటే. చుట్టుపక్కల ఊళ్లలో ఎవరిది ఏ గ్రూపో, పిలిస్తే ఎవరొస్తారో మేడమూ నేనూ కలిసి రాయించిన జాబితా, ఆ సర్వర్‌లో. నేను ఆమె గ్రూపు కొట్టి వెతకమన్నాను. సరిగ్గా అప్పుడే ఆస్పత్రి అదిరిపోయేలా పిడుగు పడింది.

తెర బిగుసుకుపోయింది. ఆపరేషన్ గది నుంచి డాక్టరుగారు, "బేగి! బేగి!" అని కేకలు. నేను ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతుండగానే పేర్లు వచ్చాయి. నలుగురు. ఇద్దరు పక్క పేటలోనే ఉన్నారు. జీపు వెళ్లి తెచ్చింది. సాయంత్రానికి తల్లీ బిడ్డా ఇద్దరూ క్షేమం.

డాక్టరుగారు చేతులు కడుక్కుంటూ బయటికొచ్చి, "ఏదో మాడిన వాసన వస్తోంది, వంటింట్లో పప్పేమైనా అడుగంటిందా?" అన్నారు.

మాడింది మొదటి సర్వర్. నల్లగా, లోపలంతా. మేడమ్ ఆ గదిలో ఒక్కరే దాని ముందు నిలబడి ఉన్నారు. నన్ను చూడగానే రెండు చేతులూ పట్టుకుని గిరగిరా తిప్పేశారు.

"ఎవులికీ తెలీలేదే గుంటా! ఎవులికీ తెలీలేదు!"

కళ్లలోంచి నీళ్లు కారుతుంటే నవ్వారు. ఏ పని గురించీ ఎవరూ అంత సంతోషించడం నేను చూడలేదు, అదీ ఎవరూ మెచ్చుకోని పని గురించి.

తర్వాత్తర్వాత మా దగ్గర సర్వర్లు ఐదయ్యాయి. చీటీలకొకటి, ల్యాబుకొకటి, అలా. సగం ముసలివి, ఎప్పుడూ దగ్గుతూ ఉండేవి. మేడమ్ ఆ ఐదింటి పనినీ రెండు కొత్త యంత్రాల్లోకి ఎక్కించేశారు. పాత ఇనప పెట్టెలు తీసేశాక కూడా ఆ రెండు యంత్రాల లోపల ఐదు సర్వర్లూ దేని పని అది చేసుకుంటున్నాయి. డాక్టరుగారు ఖాళీ బల్లలు చూసి కంగారుపడి, "మరి ఆ ఐదూ ఎక్కడున్నాయమ్మా?" అన్నారు.

"ఉన్నామని అవి అనుకుంటన్నాయండి. పని సేస్తన్నాయి. అంతకన్నా మనకేటి కావాల?"

ఓ రోజు నేను రిపోర్టు టైపు చేస్తున్నంతసేపూ వెనక నిలబడి, అయిపోయాక, "నువ్వు రాస్తుండగానే మీ ల్యాబు సర్వర్ని ఈ యంత్రంలోంచి ఆ యంత్రంలోకి తీసుకుపోయాను, తెలిసిందేటి?" అన్నారు. తెలియలేదు. మళ్లీ అదే నవ్వు.

ఆవిడ నాకు పాఠాలు చెప్పారనడం తక్కువే అవుతుంది. ల్యాబు బల్ల దగ్గర నుంచి లేపి, ఇంగ్లీషు పుస్తకాలు పక్కన కూర్చుని చదివించి, నన్ను ఆ గదికి మనిషిని చేశారు. ఓసారి హఠాత్తుగా రెండు వారాలు సెలవు పెట్టి ఊరెళ్లారు. ఫోను నంబరు ఇవ్వలేదు. ఆ రెండు వారాల్లో ఏవేవో ఆగాయి, ఏవేవో నేను బాగుచేశాను. తిరిగొచ్చి గుమ్మంలోంచే అడిగారు.

"ఎన్నిసార్లు ఏడిసావు?"

"రెండు."

"నేను కొత్తలో రోజూ ఏడిసేదాన్ని. నువ్వు పాసు!"

ఇప్పుడు ఆ గది తాళంచెవి నా కొంగున ఉంది. నా బిడ్డల చదువు, కట్టుకున్న ఇల్లు ఆ జీతంతోనే. ఆ రోజు మేడమ్ కూతురి దగ్గర ఏడవడం అయ్యాక, మేమిద్దరం ఫోనులో ఆవిడ మాటలు ఒక్కొక్కటే తలుచుకుని చాలాసేపు నవ్వుకున్నాం. అదేం తప్పు కాదనే అనుకుంటాను.

ఆవిడ గురించి తలచుకుంటే నాకు ముందు కనపడేది ఆవిడ రిటైరై వెళ్లిపోయిన రోజు. అరకు స్టేషనులో కిరండూల్ నుంచి విశాఖ వెళ్లే రైలు కోసం నిలబడ్డాం. మా అమ్మ కొండ దిగి వచ్చి, కాళ్లు కట్టిన ఒక నల్లకోడి పెట్టని ఆవిడ చేతిలో పెట్టింది.

"అమ్మా, నేను మాంసం తిననమ్మా" అన్నారు మేడమ్.

"తినకపోతే పెంచుకో. ఊసులాడుకోడానికి ఉంటాది" అంది అమ్మ.

రైలు కదిలింది. మేడమ్ కోడి కాళ్ల కట్టు విప్పేసి, చంకలో పెట్టుకుని, కిటికీ పక్కన కూర్చున్నారు. పట్టాలు సొరంగం వైపు వంపు తిరిగే చోట పెట్టెలన్నీ ఒకసారి కనబడతాయి. ఆ వంపులో, ఒకే కిటికీలోంచి రెండు తలలు బయటికొచ్చాయి. ఒకటి నెరిసిన జుట్టుది, గాలికి చెదిరిపోతూ. ఒకటి ఎర్ర జుట్టుది, మెడ సాగదీసి, లోయనంతా వింతగా చూస్తూ.