మూడున్నర రూపాయల మిత్తి

నాకు మొదటి క్రెడిట్ కార్డు అంటగట్టింది నా ఈడు అమ్మాయే. మాదాపూర్‌లో మా ఆఫీసు క్యాంటీన్ ముందు చిన్న బల్ల వేసుకుని కూర్చుని, భోజనానికి వెళ్లేవాళ్లను పలకరించి ఫారాలు నింపించేది. నేను ఉద్యోగంలో చేరి అప్పటికి ఐదు నెలలు.

"నలభై ఐదు రోజుల దాకా వడ్డీ ఉండదు మేడమ్. బిల్లు వచ్చినప్పుడు మొత్తం కట్టలేకపోయినా మినిమమ్ కడితే చాలు, కార్డు ఆగదు" అంది.

ఆమె అబద్ధం చెప్పలేదు. అవి రెండు వేరు వేరు మాటలు. నేను రెండింటినీ కలిపేసి, నెలనెలా మినిమమ్ కడుతూ పోతే వడ్డీ పడదని అర్థం చేసుకున్నాను. సంతకం పెట్టేటప్పుడు వెనక నాలుగు పేజీల నిబంధనలు ఉన్నాయి. అన్నం చల్లారిపోతుందని తిప్పి చూడలేదు.

మాది పరిగి దగ్గర ఒక పల్లె. అన్న నాకంటే తొమ్మిదేళ్లు పెద్ద. పదో తరగతి అయ్యాక చదువు ఆపేసి, లారీ మీద క్లీనరుగా మొదలుపెట్టి, డ్రైవరై, అప్పు చేసి సొంతంగా కారు కొనుక్కున్నాడు. గచ్చిబౌలి వైపు కంపెనీల ఉద్యోగులను ఇళ్ల నుంచి తెచ్చి దింపే పని. నా ఇంజినీరింగు ఫీజులు, హాస్టలు ఖర్చులు, మొదటి ఇంటర్వ్యూకి వేసుకున్న చెప్పులు, అన్నీ ఆ స్టీరింగు తిప్పి సంపాదించినవే. వదినతో, ఐదేళ్ల కూతురితో నార్సింగిలో రెండు గదుల పోర్షన్‌లో కిరాయికి ఉండేవాడు. నేను కొండాపూర్‌లో ఆడపిల్లల హాస్టల్లో ఉండేదాన్ని.

ఆ ఎండాకాలం అన్న కారు ఇంజిను పట్టేసింది. మెకానిక్ అరవై రెండు వేలవుతుందన్నాడు. కారు షెడ్డులో ఉన్నన్ని రోజులూ సంపాదన లేదు, కారు మీద వాయిదా మాత్రం ఆగదు. ఒక సాయంత్రం అన్న హాస్టలు దగ్గరికి వచ్చి, పక్కనున్న చాయ్ బండి దగ్గర నిలబడి ఆ సంగతి చెప్పాడు. ఊళ్లో ఒకాయన రెండు రూపాయల వడ్డీకి ఇస్తానన్నాడట. అంటే నూటికి నెలకు రెండు రూపాయలు.

"ఎందుకన్నా, నా కార్డు ఉంది కదా. దాని మీద కడ్త" అన్నాను.

"మిత్తి ఎంత?"

వడ్డీని మా వైపు మిత్తి అంటారు.

"మిత్తి లేదు. నెలకు ఇంతని కట్టుకుంట పోవుడే."

"మిత్తి లేకుండ పైసలు ఎవలిస్తరే?"

"దుకాణపోళ్ల దగ్గర బ్యాంకు కమీషన్ తీసుకుంటది అన్నా. మనకు ఏం ఉండదు."

అన్న చాయ్ తాగేసి గ్లాసు బండి మీద పెట్టాడు. "సరే, సదువుకున్నదానివి. నీకంటె నాకు ఎక్కువ తెల్సా" అన్నాడు.

మర్నాడు పుప్పాలగూడలోని షెడ్డుకు వెళ్లి అరవై రెండు వేలు గీకాను. మెకానిక్ చిన్న మిషను నా ముందు పెట్టి నంబరు నొక్కమన్నప్పుడు అన్న నా పక్కనే నిలబడి ఉన్నాడు. అంత డబ్బు నా చేతి మీదుగా వెళ్లడం అదే మొదలు. అన్నకు నేను ఏదైనా చేయగలగడం కూడా అదే మొదలు. ఆ రోజంతా ఆఫీసులో హుషారుగా ఉన్నాను.

మొదటి బిల్లు వచ్చింది. కట్టాల్సిన మినిమమ్ మూడు వేల పై చిల్లర. దాన్ని పైకి సవరించి, అన్నను నెలకు మూడున్నర వేలు ఇవ్వమన్నాను. అన్న నోటితోనే లెక్క వేసుకుని, "పద్దెనిమిది నెలలు. అయిపోతది" అన్నాడు. అప్పటి నుంచి ప్రతి నెలా ఐదో తారీకున మధ్యాహ్నం మా ఆఫీసు గేటు దగ్గరికి వచ్చి డబ్బులు నా చేతిలో పెట్టేవాడు. ఒక్క నెల కూడా తప్పలేదు. నేను పైకి వెళ్లి ఫోన్‌లో కట్టేసేదాన్ని. నా సొంత ఖర్చులకు ఆ కార్డు తీసేదాన్ని కాదు.

బిల్లులో పైన రెండు గడులు ఉండేవి. ఒకటి మొత్తం బాకీ, రెండోది మినిమమ్. మొత్తం ఎంత తగ్గుతోందో చూడలేదా అంటే, చూశాను. మూడున్నర వేలు కట్టినా వెయ్యి కూడా తగ్గలేదు. ఏదో లెక్క ఆలస్యంగా పడుతోందేమో అనుకున్నాను. తరువాతి నెల మళ్లీ అంతే. మూడో నెల నుంచి మొత్తం బాకీ గడి చూడడం మానేశాను. తెలియక జరిగిందని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను గాని, అందులో కొంత తెలుసుకోకుండా ఉండడం కూడా ఉంది.

ఏడు నెలలయ్యాక, ఆఫీసు కోసం ఒక పరీక్ష రాయడానికి పద్దెనిమిది వేలు ఫీజు కట్టాల్సి వచ్చింది. కంపెనీ తరువాత తిరిగి ఇచ్చేస్తుంది. కార్డు మీద కట్టబోతే చెల్లలేదు. రెండోసారీ చెల్లలేదు. నా కార్డు పరిమితి డెబ్బై వేలు. అరవై రెండులో ఇరవై నాలుగున్నర కట్టేశాం కాబట్టి సగం దాకా ఖాళీ ఉండాలి. బ్యాంకుకు ఫోన్ చేసి గట్టిగానే మాట్లాడాను. అవతలి అమ్మాయి ఓపిగ్గా విని, "మీ బాకీ యాభై నాలుగు వేల ఐదు వందల యాభై ఉంది మేడమ్" అంది. తప్పు చూస్తున్నారన్నాను. ఆమె మళ్లీ అదే అంకె చదివింది.

నా పక్క సీటులో కూర్చునే ఆవిడ రాజమండ్రి వైపు మనిషి. నలభై దాటిన సీనియరు. నా గొంతు విని కుర్చీ ఇటు తిప్పారు.

"కంగారు పడకండి. ఆ బిల్లు ఓసారి చూపించండి. మొదటి పేజీ కాదండీ, లోపలిది."

రెండో పేజీ కింద చిన్న అక్షరాల్లో ప్రతి నెలా రెండు పద్దులు ఉన్నాయి. ఒకటి వడ్డీ, రెండోది ఆ వడ్డీ మీద పన్ను. మొదటి నెల రెండూ కలిపి రెండున్నర వేలు దాటాయి. అన్న ఇచ్చిన మూడున్నర వేలలో అసలుకు జమైంది వెయ్యి లోపు.

"నలభై ఐదు రోజుల మాట నిజమేనండీ, కానీ గడువులోగా మొత్తం కట్టినవాళ్లకే. కొంత మిగిల్చారనుకోండి, కొన్న రోజు నుంచీ వడ్డీ లెక్కేస్తారు" అన్నారావిడ. "మినిమమ్ కడితే ఆలస్యం రుసుము పడదు, మీ పేరు చెడదు. అంతవరకే. అప్పు తీర్చడానికి పెట్టింది కాదది. మా వారికి వాళ్ల కంపెనీ చార్జ్ కార్డు ఇచ్చింది. అందులో ఈ మినిమమ్ అన్నదే ఉండదు, నెల తిరిగేసరికి మొత్తం కట్టి తీరాలి. ఏ కార్డయినా అలా అనుకుని వాడితేనే మంచిదండీ."

"వడ్డీ ఎంత పడుతోంది?" అని అడిగాను.

"నెలకు మూడున్నర శాతం."

మూడున్నర రూపాయల మిత్తి. ఊళ్లో ఆయన రెండు రూపాయలకు ఇస్తానంటే నేను వద్దన్నాను.

ఆవిడ నాకు రెండు పనులు చెప్పారు. బ్యాంకుకు ఫోన్ చేసి ఆ బాకీని వాయిదాలుగా మార్పించుకోమన్నారు, అలా చేస్తే వడ్డీ సగానికి పైగా తగ్గుతుంది. రెండోది, "మీ అన్నయ్యగారికి ఈరోజే చెప్పేయండి" అన్నారు. మొదటిది గంటలో చేశాను. పద్దెనిమిది వాయిదాలు, ఒక్కొక్కటి ఇంచుమించు అదే మూడున్నర వేలు. అన్న లెక్క ప్రకారం ఇంకా పదకొండు నెలలే మిగిలాయి. ఆ పైన ఏడు వాయిదాలు నేనే కట్టుకుంటే అన్నకు ఎప్పటికీ తెలియదు. నా తప్పుకు నేనే కట్టుకుంటున్నాను కదా, చెప్పి బాధపెట్టడం ఎందుకని సర్ది చెప్పుకున్నాను.

తరువాతి రెండు నెలలూ ఐదో తారీకున అన్న గేటు దగ్గరికి వచ్చాడు. నోట్లు లెక్కపెట్టకుండా సంచిలో వేసుకుని, మీటింగు ఉందని చెప్పి వెళ్లిపోయేదాన్ని. రెండోసారి అన్న, "ఇంక తొమ్మిదే నెలలు" అని నవ్వాడు.

ఆ నెలలోనే ఒక ఆదివారం నార్సింగి వెళ్లాను. వదిన జొన్నరొట్టెలు చేస్తోంది. అన్నా నేనూ కింద కూర్చుని తింటున్నాం. ఆ మాటా ఈ మాటా చెబుతూ అన్న, పుప్పాలగూడలో ఉండే తన స్నేహితుడి గురించి ఎత్తాడు. ఆయనా కారు నడుపుతాడు, ఇద్దరూ ఒకే స్టాండులో ఉంటారు.

"ఆయన భార్యకు గర్భసంచి ఆపరేషన్ అయింది. దవాఖానల ఎనభై వేలు బిల్లు. ఎవల దగ్గరనో రెండు రూపాయల మిత్తికి తెస్తనన్నడు. నేనే వద్దన్న. మా చెల్లె కార్డు మీద నేను కడుతున్న, మిత్తి లేదు, నువ్వు గూడ కార్డు తీస్కో అన్న. మొన్న తీసుకున్నడు, మొత్తం దాని మీదనే గీకిండు."

చేతిలోని రొట్టె ముక్క కంచంలో పెట్టేశాను. "ఎప్పుడు?" అన్నాను.

"నెలన్నర అయితుంది. ఏమైందే?"

చెప్పాను. నేను అర్థం చేసుకున్నది తప్పని, మిత్తి ఉందని, నెలకు మూడున్నర రూపాయలని, దాని మీద పన్ను కూడా ఉందని. వదిన పొయ్యి ఆర్పేసింది.

అన్న చేయి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. కోపం కనిపించలేదు. నేను కోపమే వస్తుందనుకున్నాను.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"రెండు నెలలైంది."

"రెండు నెలల సంది నా చేతిల పైసలు తీసుకుంటనే ఉన్నవు."

"మిగిలింది నేనే కడ్దమనుకున్న అన్నా. నువ్వు పరేషాన్ అయితవని."

"నాకు చెప్తే ఆయనకు చెప్పకపోదును గదా" అన్నాడు. అని, కారు తాళాలు తీసుకుని, "నడువు" అన్నాడు.

నార్సింగి నుంచి పుప్పాలగూడకు పది నిమిషాలు.

ఆ ఇల్లు ఒక అపార్ట్‌మెంటు వెనక, రేకుల కప్పుతో ఉంది. స్నేహితుడి భార్య మంచం మీద పడుకుని ఉంది, మమ్మల్ని చూసి లేవబోతే అన్న వద్దన్నాడు. కుర్చీలో కూర్చుంటూనే, "నేను నీకు తప్పు చెప్పిన. ఆ కార్డుకు మిత్తి ఉన్నది" అన్నాడు. నా పేరు ఎత్తలేదు. తనకు ఎవరు చెప్పారో అనలేదు.

ఆయన ఫోన్ తీసుకుని బిల్లు తెరిచాను. ఒకసారి మినిమమ్ కట్టాడు. అది కాక, మందుల కోసం అదే కార్డుతో ఏటీఎంలో పది వేలు తీశాడు. అలా తీసిన డబ్బుకు ఒక్కరోజు కూడా గడువు ఉండదు, తీసిన రోజు నుంచే వడ్డీ నడుస్తుంది, తీసినందుకు వేరే రుసుము కూడా. ఒక్కో వరుసా చదివి, తెలుగులో చెప్పాను. ఇంజినీరింగు పరీక్షలకు కూడా అంత జాగ్రత్తగా చదవలేదు.

"అంటే మినిమమ్ కట్టుకుంట పోతే ఇది తీరదా?" అని ఆమె మంచం మీద నుంచి అడిగింది.

"తీరుతది వదినా. కాని చానా ఏండ్లు పడుతది."

ఆమె గోడ వైపు తిరిగింది. ఆయన అన్న భుజం మీద చేయి వేసి, "నువ్వు చెప్పినవని కాదు, నాకు అక్కర ఉండి గీకిన. ఫికర్ చెయ్యకు" అన్నాడు. ఆ మాట వినలేక ఫోన్ తీసి బ్యాంకుకు కలిపాను. అందరికీ వినపడేలా స్పీకరు పెట్టాను. దవాఖాన బిల్లును పన్నెండు వాయిదాలుగా మార్చారు. ఏటీఎంలో తీసిన పది వేలు మార్చడం కుదరదన్నారు. ఆ పది వేలూ అన్న మరునాడు తీసుకెళ్లి ఆయనకు ఇచ్చాడట. నాకు వదిన చెప్పింది.

ఆయన అప్పు ఏడాదిలో తీరింది. మా పద్దెనిమిది వాయిదాలూ పూర్తయ్యాయి. చివరి ఏడు వాయిదాలూ నేను కడతానంటే అన్న వద్దనలేదు. నా జీతంలో ఒక్క రూపాయి ఎప్పుడూ ముట్టనివాడు వద్దనకపోవడమే నాకు ఎక్కువ బాధ కలిగించింది. నా కార్డును ఇప్పుడు నెలకు రెండు మూడుసార్లు వాడతాను, బిల్లు వచ్చిన రోజే మొత్తం కట్టేస్తాను. ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకు బిల్లు లోపలి పేజీ తెరిచి చూపిస్తాను. నా సంగతి మాత్రం చెప్పను.

పోయిన ఏడాది అన్న రెండో కారు తీసుకున్నాడు. దానికి అప్పు ఇచ్చే ఆఫీసు కొండాపూర్‌లోనే, నా హాస్టలుకు నాలుగు వీధుల అవతల. కాగితాలు మొత్తం ఇంగ్లీషులో ఉంటే, అక్కడి గుమాస్తాను కూర్చోబెట్టుకుని ఒక్కో పేజీ తెలుగులో చెప్పించుకున్నాడట. రెండు గంటలు పట్టిందట. పండగకు వెళ్లినప్పుడు వదిన చెబితే తెలిసింది. నన్ను పిలవకపోయావా అని అన్నను అడిగితే, "నీకు ఆఫీసు ఉంటది గదా చెల్లె" అన్నాడు. మామూలుగానే అన్నాడు. నాకు ఇష్టమని సీతాఫలాలు కూడా తెచ్చి పెట్టాడు.

పిలిస్తే సెలవు పెట్టి వచ్చేదాన్ని. ఆ మాట వదినతో అన్నాను. అన్నతో అనలేదు.