‘విడవకు బావా’ అని రాసింది నేను

ఇరవై ఏళ్లు దాటింది. ఒక పాటను మింగలేక, కక్కలేక బతుకుతున్నాను. రాసింది నేను. మెప్పు పొందిందీ నేనే. దాని కింద ఒక ఆడపిల్ల నలిగిపోయిందని తెలిసి నోరు మెదపనిదీ నేనే. మా ఇంట్లో ఎవరికీ ఈ సంగతి తెలియదు. మీరు నన్నెరగరు, అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

రెండువేలు దాటిన కొత్తలో అనంతపురంలో మాకో ఆర్కెస్ట్రా ఉండేది. పెళ్లిళ్లకు, జాతరలకు పోయేవాళ్లం. రఫీ కీబోర్డు వాయించి మగగొంతు పాడేవాడు, విమల ఆడగొంతు. పాటకూ పాటకూ మధ్య మైకులో మాటలు నావి. విమల ఇళ్లు కట్టే బేల్దారి మేస్త్రీ కూతురు. మైకుసెట్టు, జనరేటరు ఆమె మేనత్త కొడుకు శేఖర్‌వి. బావ వరస కాబట్టి వాడు ఆమెను ఏమన్నా అందరికీ సరసంగానే వినిపించేది. మేమూ నవ్వేవాళ్లం.

ఒక మధ్యాహ్నం రిహార్సల్‌కు రఫీ ఇంకా రాలేదు. విమల నా దగ్గరికొచ్చి కూర్చుంది.

“ఆ శేఖర్ ఏమంటాండాడో తెలుసునా అన్నా? నవ్వితే నన్ను చూసే నవ్వాల, ఇంగెవరితోనన్నా నవ్వినావంటే మీ గడపలోనే మందు తాగి చస్తా అంటాండాడు. నాకు ఊపిరాడకుండా ఉండాది. నన్ను ఇడ్సిపెట్టమని నువ్వన్నా చెప్పన్నా.”

శెనక్కాయ చేలకు కొట్టే మందు ఏ ఇంట్లో లేదు? ఇంట్లో చెబితే వాడు నిజంగానే తాగుతాడని, ఆ పాపం తన మెడకు చుట్టుకుంటుందని ఆ పిల్ల భయం. అందుకే నాతో చెప్పుకుంది. నేను అయ్యో అన్నాను. చెప్తాలే అన్నాను. ఇంటికి పోయి పాట రాశాను.

అవును, ఆ మాటలతోనే. మందు తీసేసి ప్రాణం అని పెట్టాను. నవ్వితే నాకోసమే నవ్వు, లేదంటే నీ గడపలో నా ప్రాణం, అని మగగొంతుకు. విడవకు బావా, విడవకు, అని ఆడగొంతుకు. సొంతంగా ఒక క్యాసెట్ వేయాలని మా ముగ్గురికీ ఒకటే పిచ్చి అప్పట్లో. అంత వేడి ఉన్న మాటలు నాకు పుట్టవని నాకు తెలుసు. తెలిసే తీసుకున్నాను.

రికార్డింగు గది గోడలకు కోడిగుడ్ల అట్టలు కొట్టి ఉన్నాయి. శబ్దం వస్తుందని ఫ్యాను ఆపి, తలుపు బిగించారు. ఎండాకాలం. విమల పాట చదివి నా మొహంలోకి చూసింది.

“ఇడ్సిపెట్టమని చెప్పన్నా అంటే, ఇడవొద్దని రాసినావే?”

పాటే కదమ్మా, అన్నాను. పాడుతూ ఏడ్చింది. ఏడుపు బాగా కుదిరింది, ఉంచేద్దాం అన్నాడు రఫీ. ఉంచేశాం.

క్యాసెట్ ఆటోల్లో మోగింది. శేఖర్ తన మాటలు గుర్తుపట్టాడు. కోపం రాకపోగా సంబరపడ్డాడు. పాటకు ముందు ఎవరి పేరన్నా చెప్పి అంకితం ఇవ్వడం మా ఆర్కెస్ట్రాల్లో రివాజు. పామిడి దగ్గర ఒక జాతరలో, బావ శేఖర్ కోసం మరదలు విమల పాడుతున్న పాట అని చెప్పమన్నాడు. మైకులు వాడివి. చెప్పాను. జనం ఈలలేశారు. మా వైపు మైకులో పడిన మాటను వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదు. వారం తిరగకుండా పెళ్లి మాటలు మొదలయ్యాయి.

అప్పుడు వాళ్ల నాయన నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. చేతులకు సిమెంటు ఇంకా ఆరలేదు. టీ తెప్పించాను, తాగలేదు.

“ఏమప్పా, నిజం చెప్పు. బిడ్డ నోరు తెరవదు. ఊరంతా ఆ పాటే ఇంటాండారు. దానికి వాడంటే ఇష్టమేనా? లేదంటే చెప్పు, ఇప్పుడే పోయి మా చెల్లెలికి వద్దని చెప్పేస్తా.”

“ఇష్టం లేకుంటే అట్ల పాడుతుందా మేస్త్రీ?”

ఆయన హమ్మయ్య అనుకున్నాడు. “అంతే కదప్పా” అని చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగి పోయాడు.

ఎందుకన్నాను ఆ మాట? మైకుసెట్టు పోతుందనా? చాలా ఏళ్లు అలాగే సర్దిచెప్పుకున్నాను. అది కాదు. నిజం చెబితే ఆ పాట నాది కాదని, ఒక పిల్ల నమ్మి చెప్పుకున్న గోడును నేను ఎత్తుకొచ్చానని బయటపడుతుంది. అంతే. కవి అనిపించుకోవడం కోసం ఆ పిల్లను వాడికి అప్పజెప్పాను.

పెళ్లయ్యాక విమల పాడలేదు. వాడు పాడనివ్వలేదు. కొన్నేళ్ల తర్వాత రాయదుర్గం బస్సులో వాళ్లిద్దరూ నా ముందు సీట్లో ఉన్నారు. డ్రైవరు ఆ పాటే పెట్టాడు. “సౌండు పెంచప్పా, పాడింది నా పెండ్లామే” అని శేఖర్ అరిచాడు. విమల కిటికీ కమ్మీ పట్టుకుని కూర్చుంది. పాట అయిపోయేదాకా తల తిప్పలేదు. దిగేటప్పుడు నన్ను చూసింది. గుర్తుపట్టింది. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు, పక్కన వాడున్నాడు.

మేస్త్రీ పోయాడు. కూతురు ఇష్టపడే చేసుకుందని నమ్మే పోయాడు. విమల దగ్గరికి పోయి క్షమించమని అడగొచ్చు కదా అంటారేమో. నాతో మాట్లాడితే ఆమెకు ఆ ఇంట్లో ఏమవుతుందో నాకు తెలుసు. ఆ ఇంటి తలుపు నేనే బిగించాను.

అందుకే ఆయన అడిగినదానికి ఇక్కడ జవాబు చెబుతున్నాను. ఇష్టం లేదు మేస్త్రీ. నీ కూతురికి వాడంటే ఇష్టం లేదు. నాకు చెప్పింది.