ఓరిన్ సంతకం పెట్టని కార్డు

ఓరిన్ పెల్కీ ఇరవై ఆరేళ్లుగా మా ఊరి చెత్త యార్డు చూసుకుంటున్నాడు. అతని కింద నేను ఐదేళ్లుగా పనిచేస్తున్నాను. న్యూ హాంప్‌షైర్‌లో మాలాంటి ఊళ్లకు చెత్తబండి రాదు. శనివారం ఎవరి సంచులు వాళ్లే తెచ్చి పడేయాలి. అందుకే నాలుగేళ్లకోసారి అమెరికా అధ్యక్షులు కాదలచినవాళ్లు కూడా చేతులు కలపడానికి అక్కడికే వస్తారు. ఓరిన్ చేతి తొడుగు తీయకుండానే చెయ్యి కలిపేవాడు.

"ఏ పార్టీ పెద్దాయనా?" అని వాళ్ల మనుషులు అడిగేవారు.

"సీసాలు అటు, అట్టలు ఇటు. నేను మధ్యలో."

మా దగ్గర చాలామంది మధ్యలోవాళ్లే, ఏ పార్టీలోనూ పేరుండదు. ప్రైమరీ రోజు, అంటే పార్టీలు తమ అభ్యర్థిని ఎంచుకునే ఓటింగ్ రోజు, మాకు రెండు పార్టీల్లో ఏ బ్యాలెట్ అడిగినా ఇస్తారు. తీసుకున్న క్షణం నుంచి ఆ పార్టీ మనిషివి. బయటికి వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర కార్డు మీద సంతకం పెడితే మళ్లీ ఎవరికీ చెందవు; పెట్టకపోతే తర్వాతిసారి ఆ పార్టీ బ్యాలెటే ఇస్తారు. మమ్మల్ని బతిమాలేది అందుకే. ప్రైమరీకి ముందు నాలుగు నెలలు తప్ప మా మొహం ఎవరికీ గుర్తుండదు.

పోయిన సెప్టెంబర్‌లో మార్లో అనే ఆవిడ వచ్చింది. ఓరిన్ భార్య వెర్నా ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో కాపలా గదిలో కూర్చుని ఉంది. మిగతా అభ్యర్థులు కిటికీలోంచి చెయ్యూపి పోయినవాళ్లే. మార్లో లోపలికెళ్లి అరగంట కూర్చుంది. ఓటు అడగలేదు. "ఈ సిలిండర్ మెట్లమీద ఎవరు మోస్తారమ్మా?" అని అడిగింది.

వెర్నా డిసెంబర్‌లో పోయింది. పోయేముందు ఓరిన్‌తో ఒక్కటే అంది: "నీకెటూ ఎవరూ నచ్చరు. నా ఓటు ఆవిడకి వేసెయ్."

జనవరిలో ప్రైమరీ. ఓటింగ్ జరిగే బడికి అతన్ని నేనే తీసుకెళ్లాను. ఓటేసే ఉద్దేశం నాకు లేదు. ఓరిన్ గడ్డం గీసుకున్నాడు. మార్లో పార్టీ బ్యాలెట్ అడిగాడు. ఓటర్ల జాబితా ముందు కూర్చున్న గ్లెన్నా, వెర్నా స్నేహితురాలు, పేర్ల మీద స్కేలు జరుపుతూ ఆగింది.

"ఓరిన్, నువ్వు అవతలి పార్టీలో ఉన్నావు."

"నాకు పార్టీ ఎక్కడేడిసింది?"

"నాలుగేళ్ల కిందట వాళ్ల బ్యాలెట్ తీసుకున్నావు. కార్డు మీద సంతకం పెట్టకుండా పోయావు. మార్చుకునే గడువు అక్టోబర్‌లోనే అయిపోయింది."

"అక్టోబర్‌లో వెర్నా బతికే ఉంది," అన్నాడు, అదే జవాబన్నట్టు.

నాకు గుర్తొచ్చింది. ఆ రోజు మంచు పడుతోంది. కార్డు బల్ల దగ్గర పెద్ద వరుస. యార్డు గేటు తీయాలని బయట ట్రక్కులో కూర్చుని హారన్ కొట్టింది నేనే. మూడోసారికి అతను వరుసలోంచి వచ్చేశాడు. ఆ తర్వాత అతను ఏ ప్రైమరీకీ వెళ్లలేదు, తన పేరు ఆ పార్టీలోనే ఉండిపోయిందని తెలియలేదు.

"వాళ్ల బ్యాలెట్ ఇవ్వనా మరి?"

"వద్దులే." వెళ్లి డోనట్లమ్మే బల్ల పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. నావైపు చూడలేదు.

"వెనక జనం ఉన్నారు. నీకేదయ్యా?" అంది గ్లెన్నా.

మార్లో పార్టీది అడిగాను. ఆవిడ పేరు పక్కన గుండ్రం నల్లగా నింపాను. నాకేమీ అనిపించలేదు. గుమ్మం దగ్గర కార్డు వరుసలో ఏడుగురి వెనక నిలబడ్డాను.

ట్రక్కులో ఓరిన్ తలుపు వేసుకున్నాడు.

"కార్డు?"

"పెట్టాను."

"సరే," అన్నాడు.

ఎవరికి వేశావని అడగలేదు. యార్డు గేటు తీయడానికి ఇంకా పదినిమిషాలుంది.