జ్వరం చెయ్యి

పొద్దున పది దాటినా కోదాడలో పొగమంచు వీడలేదు. మార్తమ్మ ఆకలితో నకనకలాడుతోంది. అన్నం తింటే కూరలోని పసుపు వేళ్లకంటి, చెవికమ్మలు చేసే తెల్ల క్లేకు అంటుకుంటుందని, తెల్ల క్లే పిసకడం అయ్యేదాకా యజమానురాలు లావణ్య ఆమెను తిననివ్వదు. ఆ కమ్మల దుకాణంలో మార్తమ్మ పని ఒకటే, పాలిమర్ క్లేను, అంటే మట్టిలాంటి ప్లాస్టిక్ ముద్దను, మెత్తబడేదాకా పిసకడం. చలికి అది పలుకులు పలుకులుగా విరుగుతుంది. ప్యాకెట్‌ను చంకలో పెట్టుకుని వెచ్చబరిచి, తర్వాత బల్లమీద వేసి అరచేత్తో నొక్కుతుంది. ఆ రోజు ఒంట్లో జ్వరం కూడా ఉంది.

"మేడం, పెయ్యంత కాలుతుంది. దవాఖానకు పోయొస్త," అంది. లావణ్య ఆమె చెయ్యి పట్టుకు చూసి సంబరపడింది. "అబ్బ, పొయ్యి లెక్కనే ఉన్నదే! ఇయ్యాల జల్ది మెత్తబడతది. అంత అయినంక పో." కమ్మలు చేసే అమ్మాయిలు పకపకా నవ్వారు. దీపాలు పెట్టేదాకా మార్తమ్మ పిసుకుతూనే ఉంది. జ్వరం ఉన్నన్నాళ్లూ అంతే.

అది తగ్గిన రోజు లావణ్య మళ్లీ చెయ్యి పట్టుకుంది. "ఏందే మార్తమ్మా, సల్లవడ్డవ్? జొరం పోయిందా? ఇగ నీతోని లేటయితది," అని మొహం ముడుచుకుంది. మార్తమ్మ చెయ్యి వెనక్కు తీసుకుంది. క్లే ముద్దను బల్లమీద పెట్టి, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయింది.