రిజిస్టరులో ఉన్న ఎర్ర కుళాయి

అన్నం పళ్లెం ముందు కూర్చుని, పోయిన మా పిన్ని సాక్షిగా చెబుతున్నాను, ఇందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు. నా ఒట్లకు మా ఇంట్లో విలువ లేదన్న సంగతి నాకూ తెలుసు. జూబ్లీహిల్స్ బండల మధ్య కొండచిలువతో పేకాడి గెలిచానని పిల్లలకు చెప్పినవాణ్ని నేనే. కాని ఇది ఆ రకం కాదు.

పోయిన వారం మా వార్డు ఆఫీసులో ఒక మీటింగు జరిగింది. మంటలార్పడానికి చాలినన్ని నీళ్లు ప్రతి వీధిలోనూ సిద్ధంగా ఉంచడం నీళ్ల ఆఫీసు విధిగా చేయాల్సిన పని అని రూలు రావాలంటూ ఫైరింజన్ల తరఫున వచ్చిన పెద్దాయన ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. నీళ్ల ఆఫీసు ఇంజనీరు కుర్చీలో వెనక్కి వాలి, "తాగనీకే రోజు విడిచి రోజు ఇస్తున్నం సార్, మంటలకు గూడ నేనేడికెల్లి తేవాలె?" అన్నాడు. హాలంతా నవ్వింది. పక్కవాడు నవ్వుతూ నా తొడ మీద చరిచాడు కూడా. నేను లేచి బయటికి వచ్చేశాను. వీధి చివర దాకా నడిచినా ఒంటి మంట తగ్గలేదు.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, మన రోజుల్లో పాటంటే వాన పాటే. ఆ వానలు కురిపించిన వాళ్లలో నేనొకణ్ని. ట్యాంకరు మీద నిలబడి చిల్లుల పైపు పైకెత్తి పట్టుకోవడం నా ఉద్యోగం. ఆ పనిలో ఉన్న పదేళ్లలో తెలుగు హీరోయిన్లకు పట్టిన జలుబుల్లో సగం నా చేతి చలవేనని చెప్పుకునేవాణ్ని, ఎవరూ కాదనలేదు. వేసవిలో కొండ మీద బంగళాల తోటల్లో ట్యాంకర్లు వరసగా నిలబడేవి. కొండ కింద కృష్ణానగర్‌లో మా పిన్ని ఉండే సందులో మాత్రం నల్లా రోజు విడిచి రోజు గంటసేపు వచ్చేది. పొద్దంతా పైన నీళ్లు పారబోసి, సాయంత్రం కింద బిందె పట్టుకుని లైన్లో నిలబడేవాణ్ని, అప్పుడది వింతగా కూడా అనిపించలేదు.

పిన్ని ఆ సందులోనే ఒక పెద్ద గదిలో కాస్ట్యూములు కిరాయికిచ్చేది. జార్జెట్టు, నైలాను, జరీ, పోలీసు యూనిఫారాలు, రాణీగారి పైటలు, అన్నీ ఆమె చేత్తో కుట్టినవే. బాబాయి పోయాక ఆమెకున్నదల్లా ఆ గదే. ఒక్క నిప్పురవ్వ చాలు గది బుగ్గయిపోవడానికి అని ఆమెకు ఎప్పుడూ భయం, అందుకే వీధి చివర ఫైరింజను పైపు తగిలించుకునే కుళాయి ఒకటి వేయించమని నీళ్ల ఆఫీసుకు అర్జీ పెట్టుకుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆ సందులో ఏదో పాట తీశారు. సందుని విదేశం చేయాలని ఆర్ట్ డిపార్ట్‌మెంటులో పనిచేసే మా బావ, అంటే మా అక్క మొగుడు, కట్టె మొద్దు చుట్టూ పాత పేపర్లు చుట్టి, పీఓపీ ప్లాస్టరు మెత్తి, ఎర్ర రంగు వేసి అచ్చం అలాంటి కుళాయే ఒకటి చేసి మూల మీద పాతాడు. పాట అయిపోయాక పీకడానికి బద్ధకించి వదిలేశాడు. ఆడవాళ్లు దానికి బట్టలారేసే తాడు కట్టుకున్నారు.

అర్జీ చూసి నీళ్ల ఆఫీసు మనిషి వచ్చాడు. స్కూటర్ దిగలేదు. "ఉన్నదానికి మళ్ల దరఖాస్తు ఏందమ్మా? గా మూలకు ఎర్రగ కనబడ్తలేదా?" అన్నాడు. అది సినిమా వాళ్లదండీ, లోపల కట్టె ఉంది, ఒకసారి తట్టి చూడండి అని పిన్ని బతిమాలింది. "జర మాకు నేర్పకు. ఇరవై ఏండ్ల సర్వీసు నాది," అంటూ బండి మీదే రిజిస్టరు తెరిచి కుళాయి ఉన్నట్టు రాసుకుని పోయాడు. ఆ తర్వాత పిన్ని ఆఫీసు చుట్టూ తిరగని వారం లేదు. పాడైందని రాసిస్తే రిపేరు చేయిస్తామన్నారు, అసలు లేనేలేదంటే మాత్రం ఒప్పుకునేది లేదన్నారు. మరుసటి ఏడు మనుషులొచ్చి దానికి మళ్లీ ఎర్ర రంగు వేసి వెళ్లారు. నవ్వకండి, ఇది కూడా నిజమే.

ఆ ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం, కొండ మీద ఒక బంగళాలో వాన పాట మధ్యలో డాన్సర్లకు మార్చుకోవడానికి పొడి బట్టలు కావాలంటే, తీసుకెళ్దామని నేను పిన్ని దగ్గరికి వచ్చాను. నేను మూట కడుతుండగానే ఇస్త్రీ పెట్టె ప్లగ్గు దగ్గర చిటపటమంది. కర్టెను అంటుకుంది, దాని పక్కన యూనిఫారాలు అంటుకున్నాయి, పిన్నిని రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చాను. ఫైరింజను వేగంగానే వచ్చింది, పాపం వాళ్లని అనడానికి లేదు. బండిలో తెచ్చిన నీళ్లు కాసేపటికే అయిపోయాయి. వీధి చివర కుళాయి ఉన్నట్టు వాళ్ల దగ్గరా రాసి ఉందట, ఇద్దరు పైపు ఈడ్చుకుంటూ అటు పరిగెత్తారు. పానా పెట్టి తిప్పితే కుళాయి తలకాయ ఊడి ఒకతని చేతిలోకి వచ్చింది, తెల్లటి పొడి రాలింది. అతను దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, "గిదేందన్నా, బొమ్మనా?" అన్నాడు. నేను ముందే చెప్పానండీ, అని పిన్ని ఎవరితోనూ కాకుండా గొణుక్కుంది.

నేను వచ్చిన స్కూటర్ మీదే ట్యాంకరు కోసం కొండెక్కాను. ప్రొడక్షన్ మేనేజరు చెయ్యి అడ్డం పెట్టేలోపు ట్యాంకరు ఎక్కేశాను. రహమత్ నగర్ డ్రైవరన్న అడక్కుండానే గేరు వేశాడు. హారను కొట్టుకుంటూ దిగివచ్చి, సందు మొగన బండి ఆపి, చిల్లుల పైపు పిన్ని గది మీదికి ఎత్తిపట్టాను. హీరోయిన్ కోసం తెచ్చిన వాన మా సందులో కురిసింది. సగం బట్టలు దక్కాయి, పిన్ని తడిసి ముద్దై నవ్వింది. పెళ్లి భోజనాల దగ్గర ఈ కథ ఎన్నిసార్లు చెప్పానో, చెప్పిన ప్రతిసారీ చప్పట్లు పడ్డాయి.

ఇప్పుడు ఆ బంగళా ఉన్నచోట పెద్ద టవరు లేచింది. మంటలొస్తే వాడుకోవడానికి దాని నెత్తి మీద దాని ట్యాంకు దానికుంది. కింద సందులో ఒక్కో గది మీద నాలుగు అంతస్తులు లేచాయి, ఒక్కో అంతస్తులో సినిమా పిచ్చితో వచ్చిన పిల్లలు పదిమంది. మారనిదల్లా నీళ్ల ఆఫీసు జవాబు. మన కాలంలో కనీసం ఆ జవాబు విని ఎవరూ నవ్వేవాళ్లు కాదు.

ఒట్టు పెట్టుకున్నాను కాబట్టి ఇదొక్కటీ చెప్పాలి. పీఓపీ కుళాయి నిజం. దానికి సర్కారు రంగు వేయడం నిజం. ట్యాంకరు దిగిరావడం నేను కల్పించింది. మేనేజరు నా మాట విని, "ఇంకో మూడు షాట్లే బాబూ, హీరోయిన్ మళ్లీ దొరకదు, ముందు నువ్వు పైపు పట్టు," అన్నాడు. నేను పట్టాను. ఆ తర్వాత పిన్ని చివరిదాకా ఇంకొకరి కాస్ట్యూముల వ్యానులో గుండీలు కుట్టి బతికింది, ఆ రోజు మళ్లీ ఎందుకు రాలేదని ఎప్పుడూ అడగలేదు. నా పిరికితనం నాదే, దాన్ని ఎవరి మీదికీ నెట్టను. కాని ఒక వీధి నిలవడమో కాలడమో పైపు పట్టుకునే కూలివాడి గుండె ధైర్యానికి ఎందుకు వదిలేశారన్నది మీటింగులో ఆ ఇంజనీరుని అడగాల్సిన మాట, అదీ అడగలేకపోయాను. పిన్ని గది కాలుతున్నంతసేపూ నేను కొండ మీద వాన కురిపిస్తూనే ఉన్నాను.