ఊరూ పేరూ లేని సైకిలు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది: అర్థం కాని వస్తువేదైనా గొప్పదే అయి ఉంటుందని. (మా ఆఫీసు మేనేజరును కూడా నేను చాలాకాలం ఆ లెక్కనే గౌరవించాను.) కొత్తగా ఉద్యోగం వచ్చి కర్నూలులో గది తీసుకుని ఉంటున్నాను. గదిలో తోడుగా కడప స్నేహితుడొకడు. ఏది చెప్పబోయినా "తెలుసప్పా" అని అడ్డుకునేవాడు గనక వాడికి తెలుసప్ప అనే పేరే ఖాయమైపోయింది. ఒక ఆదివారం మా బల్లకు విరిగిన కాలికి బదులు ఇంకో కాలు వెతుక్కుంటూ పాత ఇనుప సామాను అంగడికి పోయాం. కాలు దొరకలేదు గానీ, తుక్కు కుప్ప మీద ఒక సైకిలు ఫ్రేము కనబడింది. చక్రాలు లేవు, సీటు లేదు, పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు మాత్రం ఉంది. ఉక్కుదే, అయినా ఒంటిచేత్తో లేపితే గొడుగులా లేచింది. "ఇది మామూలీ సైకిల్ కాదు సాబ్," అన్నాడు అంగడి భాయి. "మరి ఏ కంపెనీది?" అన్నాను. "అదే చెప్తాండా గదా, మామూలీది కాదు," అన్నాడు. ఆ సమాధానంలో నాకు లోపమేమీ కనబడలేదు.

గదికి తెచ్చి ఉప్పుకాగితంతో రుద్దడం మొదలుపెట్టాను. పైన పచ్చరంగు, దాని కింద బూడిదరంగు, దాని కింద వెలిసిన నీలం. ప్రతి పొర కింద కంపెనీ పేరుంటుందని ఆశ, తీరా చూస్తే ఇంకో పొర. ముందు గొట్టం మీద, పేరు బిళ్ల ఉండాల్సిన చోట రెండు చిన్న బెజ్జాలు కళ్లలా నన్నే చూస్తుండేవి. పెడళ్ల ఇరుసు దూరే గొట్టం అడుగున ఏదో నంబరు చెక్కి ఉంది గానీ, దాని మొదటి అక్షరం ఒక పక్కనుంచి ఎస్ లాగా, ఇంకో పక్కనుంచి ఐదు లాగా కనబడేది. ఫోటోలు తీసి, పాత సైకిళ్ల పిచ్చివాళ్లు చేరే ఆన్‌లైన్ గ్రూపులో పెట్టాను. ఒకాయన ఇది జపానుదే, అనుమానం లేదన్నాడు. ఇంకొకాయన అతుకుల దగ్గరి నగిషీ చూసి ఇటలీది అన్నాడు. మూడో ఆయన వాళ్లిద్దరికీ కళ్లు లేవని, ఇది ఇంగ్లండులో పుట్టిన బిడ్డ అని తేల్చాడు. ఆ తర్వాత ముగ్గురూ నన్నూ నా ఫ్రేమునూ వదిలేసి ఒకరి సైకిళ్లనొకరు తిట్టుకోవడంలో పడ్డారు. "నాకు ముందే తెలుసప్పా," అన్నాడు మా వాడు. "ఏం తెలుసు?" అంటే, "ఎవరికీ తెలీదని," అన్నాడు.

దానికి ప్రాణం పోయడానికి సైకిల్ షాపు మేస్త్రీ దగ్గరికి తీసుకుపోతే ఆయనా నాలాగే అయిపోయాడు. పెడళ్ల ఇరుసు దగ్గరి మర విప్పబోయి, "ఎడమకు తిప్పితే బిగుస్తాది, కుడికి తిప్పితే ఇంకా బిగుస్తాది, ఇదేం సైకిలప్పా!" అని తల పట్టుకున్నాడు. కిరోసిన్ పోసి, దేవుణ్ణి తలుచుకుని, ఎట్లాగో విప్పాడు. మన ఊళ్లో దొరికే చక్రమేదీ వెనక సందులో దూరలేదు. చివరికి ఏదో గేర్ల సైకిలు చక్రాలు కాస్త చిన్నవి దొరికితే అవే బిగించాం. దాంతో బ్రేకు రబ్బర్లు రిమ్ముకు అందక టైరు అంచును ప్రేమగా నిమిరేవి. "మెల్లగా పోతే నువ్వు అనుకున్న చోట ఆగుతాది, జోరుగా పోతే అది అనుకున్న చోట ఆగుతాది," అని మేస్త్రీ సైకిలు నా చేతికిచ్చాడు.

సరిగ్గా అప్పుడే కడప నుంచి తెలుసప్ప పెదనాయన ఫోన్ చేశాడు. చర్చి బడిలో డ్రిల్లు మాస్టరుగా పనిచేసి విరమించిన పెద్దమనిషి. మా వాడు ఇంటికి పంపిన ఫోటో చూశాడట. "హ్యాండిలు కొమ్ముల మాదిరి ఉండాదా? నీలం రంగు తగిలిందా? అయితే అది మాదే నాయనా. ఒకతూరి తెచ్చి చూపిస్తావా?" అన్నాడు. ఆయన పడుచుతనంలో మిషన్ ఆసుపత్రి దొర ఒకాయన దేశం వదిలిపోతూ అటువంటి సైకిలే ఇచ్చిపోయాడట. ఒక క్రిస్మస్ నాడు ప్రార్థనకు లోపలికి పోయి బయటికొచ్చేసరికి గోడకు ఆనించిన సైకిలు లేదు. "ఆపొద్దు నుంచి ఆయన ఇంగ సైకిలే ఎక్కలేదు. యాడికైనా నడిచే పోతాడు," అన్నాడు తెలుసప్ప, మెల్లగా. నాకేమో తల తిరిగిపోయింది. సైకిలు ఆయనదని తేలితే దాని పేరు దొరుకుతుంది గానీ సైకిలు పోతుంది, సైకిలు దక్కాలంటే పేరు దొరకకూడదు. దేన్ని కోరుకోవాలో తెలియకుండానే తెలుసప్పతో కలిసి కడప బస్సెక్కాను. (కండక్టరు సైకిలును చూసి, "దీనికేమని టికెట్టు కొట్టాలప్పా, లగేజీ అంటే చక్రాలుండాయి, మనిషి అంటే సీటుండాది," అని తన అయోమయం తను పడ్డాడు.)

పెదనాయన వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. చూపు మందగించినట్టుంది, ఫ్రేమును తడిమి తడిమి, "మాదే," అన్నాడు. పెద్దమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "మనది ఇంత ఎత్తు లేదు," అంది. "అది పెరగలేదు, నేనే కుంగినా." "మనదానికి ఎర్రచార ఉండె." "రుద్దినాడు గదా పిల్లోడు, పోయింటాది." "నువ్వు పోయినేడు పక్కింటోళ్ల మేకను గూడా మనదే అంటివి." ఇద్దరూ నా వైపు తిరిగారు. జపానా ఇటలీనా తేల్చుకోలేని వాణ్ణి, కడప కేసులో ఏం తీర్పు చెప్పగలను?

"ఎక్కితే గానీ తెలీదు," అని ఆయన ప్యాంటు అంచు మడిచాడు. బ్రేకుల సంగతి నేను చెబుతూనే ఉన్నాను, ఆయన చర్చి ముందరి ఏటవాలు వీధిలో పోతూనే ఉన్నాడు. మొదట వంకర టింకరగా, తర్వాత తిన్నగా, ఆ తర్వాత బాణంలా. వెనక మా వాడు, వాడి వెనక నేను, నా వెనక గరిటెతో పెద్దమ్మ. దారిలో కోళ్లు ఎగిరాయి, అరటిపండ్ల బండి పక్కకు జరిగింది, "ఏం సారూ, ఈ వయసులో!" అని ఎవరో అరిచారు. వీధి చివర ఎవరో ఇల్లు కట్టుకోవడానికి పోసుకున్న ఇసుక కుప్పలోకి దూరి సైకిలు ఆగింది. మేం ఆయాసపడుతూ చేరేసరికి పెదనాయన ఇసుకలో కూర్చుని, ఒళ్లంతా కదిలేలా నవ్వుతున్నాడు.

"మాది కాదప్పా," అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ. "మాదానికి బ్రేకులుండె."

పెద్దమ్మ ఆయన మోకాళ్లు తడిమి చూస్తూ తిట్టాల్సినవన్నీ తిట్టింది. ఆయన మాత్రం లేచి, "ఒసే, ఇంగొక్కతూరి పోయొస్తా," అన్నాడు. సాయంత్రం నేను బయలుదేరుతుంటే ఇసుక దులిపి, గుడ్డతో తుడిచి, సైకిలును తనే గేటు దాకా నడిపించుకొచ్చాడు. హ్యాండిలు మీద నుంచి చెయ్యి మాత్రం తీయలేదు. "ఎవరిదో తేలేదాకా మీ దగ్గరే ఉండనీండి పెదనాయనా," అన్నాను. అంతకుముందు క్షణం దాకా ఆ మాట అంటానని నాకే తెలియదు. "తేలకుంటే?" అన్నాడాయన. "తేలకుంటే ఇంకా మంచిది." పెద్దమ్మ, "ముందు బ్రేకులు ఏపిచ్చు, మళ్ల ఎక్కుదువు," అంది.

అది ఎవరిదో, ఎక్కడిదో ఇప్పటికీ తేలలేదు. పెదనాయన కాళ్లాడినంతకాలం దాని మీదే కూరగాయలు తెచ్చాడని విన్నాను. ఇప్పుడు నా దగ్గర మంచి సైకిలుంది, ఎక్కడ చూసినా దాని మీద కంపెనీ పేరే. ఎవరూ ఏమీ అడగరు, నేనూ చదవను. ఎప్పుడైనా బజారులో గోడకానించిన పాత ఫ్రేము కనబడితే మాత్రం నా చెయ్యి దానంతటదే పోయి దాన్ని తిరగేసి అడుగున తడుముతుంది. ఎస్సో ఐదో అర్థంకాక నిలబడిన ఆ కుర్రవాడు గుర్తొస్తాడు. ఏమీ తెలియకుండా ఎంత సంతోషంగా ఉండేవాడో, పాపం.